దసలి శలభం సొంత అడవి: ప్రాజెక్టు డైరీ

జూన్ 23, చెన్నూరు దాటాక

ఆరుద్ర కార్తె వచ్చింది. పున్నమి వెళ్లిన మరునాడు కాబట్టి దీపానికి పురుగులు పెద్దగా రావనుకున్నాను గానీ, సాయంత్రం నుంచి మబ్బు కమ్ముకోవడం కలిసొచ్చింది. అడవి శాఖ వాళ్లకు ముందే చెప్పి ఉంచిన చోట, మా నాన్న పాత తెల్ల పంచెను రెండు టేకు చెట్ల మధ్య బిగించి కట్టాం. ముందు ఒక అతినీలలోహిత దీపం, దానికో బ్యాటరీ. అంతే సామాను.

ఎనిమిది నుంచి చిన్నవన్నీ వచ్చాయి. పేడపురుగులు, నాలుగైదు రకాల బుల్లి శలభాలు, ఒక గొల్లభామ. పది దాటాక ఏదో చిన్న పిట్టంత ప్రాణి వచ్చి పంచెను ఠప్పున కొట్టుకుంది. కింద గడ్డిలో పడి, మళ్లీ లేచి, గుడ్డ పట్టుకుని పాకి, రెక్కలు పరిచింది. ఇటుక రంగు. నాలుగు రెక్కల మీదా నాలుగు కళ్లు. ముందు రెక్క పై అంచున బూడిద రంగు పట్టీ. స్కేలు దగ్గర పెట్టి చూస్తే ఈ కొస నుంచి ఆ కొసకు 15 సెంటీమీటర్లకు కాస్త తక్కువ.

ఆ కంటిని మాత్రం చాలాసేపు చూశాను. చుట్టూ పసుపు, నలుపు, గులాబి గీతలతో వలయాలు. నడిబొడ్డున మాత్రం పొలుసే లేదు, పలుచని అద్దం లాంటి పొర. ఆ పొరలోంచి వెనకున్న పంచె నేత కనిపిస్తోంది, పడుగూ పేకా విడివిడిగా లెక్కపెట్టొచ్చు. మా పాప టార్చి పట్టుకుని ఊపిరి బిగబట్టి చూసింది.

ఈ ప్రాజెక్టు పుట్టింది ఆ నిమిషంలోనే. రెండు ప్రశ్నలు రాసుకున్నాను. ఇది ఏ జాతి? దీని సొంత నేల ఎక్కడి నుంచి ఎక్కడి దాకా?

(మాట గురించి ఒక ముక్క. చిమ్మట అంటే కొందరికి బట్టలు కొట్టే పురుగు, కొందరికి రాత్రిపూట కీచుమనేది. అందుకే ఈ డైరీలో శలభం అనే రాస్తాను. మా వైపు దసలి కాయలు, అంటే అడవి పట్టు గూళ్లు, పండించేవాళ్లు దీన్ని సీతాకోక అంటారు, అది నాకింకా ఇష్టం.)

జూన్ 25

ఫోటోలు పెట్టుకుని ఒక్కో అనుమానం తీర్చుకుంటూ వచ్చాను.

పెద్ద కన్నున్న శలభం అనగానే మొదట గుర్తొచ్చేది గుడ్లగూబ శలభం, ఎరెబస్. దానికి కన్ను ముందు రెక్కల మీదే ఉంటుంది, అదీ సుడి తిరిగినట్టుంటుంది, వెలుతురు సాగే పొర ఉండదు. మీసాలు దారాల్లా సన్నం. నాకు దొరికిన దాని మీసాలు రెండు వైపులా పళ్లున్న దువ్వెనలు. అట్లాస్ శలభానికి రెక్కల్లో కిటికీలుంటాయి గానీ అవి మూడు మూలలవి, చుట్టూ రంగుల వలయాలుండవు. పైగా ముందు రెక్క కొస పాము పడగలా తిరుగుతుంది. చంద్ర శలభం లేతాకుపచ్చ, వెనక పొడుగు తోకలు. జీడిమామిడి తోటల్లో ఆకు తినేసే క్రిక్యులా ఇదే కుటుంబం, కానీ బాగా చిన్నది, దాని కిటికీలు చుక్కలంతే.

ఇక మిగిలింది ఆంథీరియా, అడవి పట్టు శలభాల ప్రజాతి. వలయాల నడుమ గుండ్రటి అద్దం, బూడిద పై అంచు, రెక్కకు అడ్డంగా సాగే ఏటవాలు గీత, మూడూ ఉన్నాయి. ఆంథీరియాల్లోనూ ముగా పట్టుదైన ఆంథీరియా అస్సామెన్సిస్ బ్రహ్మపుత్ర లోయది, సోమ్, సొవాలు చెట్ల మీద బతికేది. ఆంథీరియా రోయిలీ హిమాలయాల సింధూర (ఓక్) చెట్లది. దక్కను అడవుల్లో, మద్ది చెట్ల మధ్య కనిపించేది దసలి శలభమే. పట్టు పరిశోధకుల లెక్కలో ఆంథీరియా మిలిట్టా.

జాతి పేరు రెండు రోజుల్లో తేలిపోయింది. అసలు పని రెండో ప్రశ్నతోనే.

జూన్ 30

మహదేవ్‌పూర్ వైపు దసలి పంట తీసే పెద్దాయన ఒకరున్నారు. నేను బాపూ అని పిలుస్తాను. ముప్పై ఏళ్లకు పైగా ఆ చెట్ల కిందే గడిపిన మనిషి. ఫోన్లో ఫోటో చూపిస్తే కళ్లద్దాలు పెట్టుకోకుండానే చెప్పాడు.

"మొగది బిడ్డా. మీసాలు సూడు ఎంత ఎడల్పున్నయో. ఆడిదైతే సన్నగుంటయి, కడుపు ఇంత లావుంటది."

"అడవిదేనా బాపూ?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "గదెట్ల జెప్తం? దీపానికొచ్చింది. ఎక్కణ్నించొచ్చిందో దీపానికేం ఎరుక?"

ఇంటికొచ్చే దారంతా ఆ మాటే. మగ శలభాలు ఆడదాని వాసన పట్టుకుని కిలోమీటర్ల కొద్దీ ఎగురుతాయి. చెన్నూరు, మహదేవ్‌పూర్ చుట్టూ తరాలుగా దసలి పంట ఉంది. మా పంచె మీద వాలింది ఏ రైతు పొలం నుంచో వచ్చి ఉండొచ్చు. ఆ పొలంలో పెంచిన విత్తనం ఇంకెక్కడి నుంచో తెచ్చినదై ఉండొచ్చు. అలాంటప్పుడు దాని పేరిట పటంలో చుక్క పెడితే ఆ చుక్క చెప్పేది శలభం సొంతూరు కాదు, నా దీపం ఉన్న చోటు.

జులై 6

నిన్న రాత్రి అమావాస్య. తొమ్మిది నుంచి రెండు దాకా కూర్చున్నాం. మూడు దసలి శలభాలు, మూడూ మగవే. ఆడవి ఎందుకు రావో ఇప్పుడు అర్థమవుతోంది. కాయలోంచి బయటపడేసరికే ఆడదాని కడుపు నిండా గుడ్లు. బరువు. పుట్టిన చోటికి దగ్గర్లోనే కొమ్మ పట్టుకుని కూర్చుని వాసన వదులుతుంది, వెతుక్కుంటూ రావాల్సింది మగది. జత కట్టాక కూడా గుడ్లు ఎక్కువ దూరం పోకుండానే పెడుతుంది. పైగా పెద్ద శలభానికి నోరు పనిచేయదు, తిండి లేదు. గొంగళిగా ఉన్నప్పుడు తిన్నదాంతోనే వారం, పది రోజులు బతకాలి.

కాబట్టి దీపం పెట్టడం తగ్గించి చెట్ల కిందికి మారుతున్నాను. ఒక శలభం ఒక చోటిదని చెప్పాలంటే, అది అక్కడి ఆకు తిని, అక్కడి కొమ్మకే కాయ కట్టి ఉండాలి.

జులై 21

వారం పాటు తల పైకెత్తి మెడ పట్టేసింది. ఈ రోజు తల దించాక దొరికింది.

నల్లమద్దిని మా వైపు చూడగానే గుర్తుపడతారు, బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. అలాంటి ఓ చెట్టు కింద రాలిన ఆకుల మీద పెంటికలు. మేకవి అనుకుని దాటబోయాను. చేతిలోకి తీసుకుంటే ముదురాకుపచ్చ, చిన్న పీపా ఆకారం, ఒళ్లంతా నిలువు గాళ్లు. తాజాగా తడి. అవి పడిన చోటి నుంచి నిలువునా పైకి చూశాను. అయినా పది నిమిషాలు పట్టింది.

ఆకు రంగే దాని రంగు. తలకిందులుగా కొమ్మను పట్టుకుని, బెత్తెడు పైనే ఉంది. ఒంటి పక్కల వెండి బొట్లు, ఎండ పడితే నీటి చుక్కలనిపిస్తాయి. ఆకును అంచు నుంచి తినుకుంటూ ఈనె దాకా వచ్చి, అక్కడితో ఆపకుండా ఈనెను కూడా తినేసింది. దగ్గరికి పోతే తల వెనక్కి ముడుచుకుని కదలకుండా ఉండిపోయింది.

దసలి పొలాలు ఇక్కడికి బాగానే దూరం. మొదటి నిండు చుక్క పెట్టాను. పద్ధతి ఇలా ఖాయం చేసుకున్నాను: దీపానికి వచ్చిన శలభమైతే ఖాళీ వలయం. చెట్టు మీద గొంగళి గానీ కాయ గానీ కనిపిస్తే నిండు చుక్క. పెంపకం చెట్లకు దగ్గరైతే ఏ చుక్కా లేదు.

ఆగస్టు 14

ఈ పూట రాయబుద్ధి కావడం లేదు, అయినా రాయాలి.

బాపు తన చెట్ల మీది రెండు కాయలిచ్చాడు, కాయలోంచి శలభం ఎలా వస్తుందో చూసి ఫోటోలు తీసుకోమని. ఒకటి చెప్పుల అట్టపెట్టెలో పెట్టి, మూతకు బెజ్జాలు చేసి బల్ల మీద ఉంచాను. నిన్న సాయంత్రం దీపాలు పెట్టే వేళకు కాయ పైకొస తడిసి రంగు మారింది. కాయ గోడ మామూలుగా చాకుక్కూడా లొంగదు. శలభం నోటి నుంచి ఒక ఎంజైమును వదులుతుంది, దాంతో పోగులను పట్టి ఉంచిన జిగురు కరిగిపోతుంది. పోగు తెగదు, విచ్చుకుంటుంది. ఆ సందులోంచి ముందు తల, తర్వాత ముందుకాళ్లు వచ్చాయి. ఆడది. పసుపు రంగు, తడి ఒళ్లు, రెక్కలు తమలపాకు చుట్టల్లా ముడుచుకుని ఉన్నాయి.

అది పైకెక్కాలని చూసింది. నున్నటి అట్ట, కాళ్లకు పట్టు దొరకలేదు. ఎక్కి జారింది, మళ్లీ ఎక్కి జారింది. నేను కెమెరా సరిచేసుకుంటున్నాను. కొమ్మకు వేలాడితేనే రెక్కల్లోకి నెత్తురు దిగి అవి సాగుతాయని నాకు తెలుసు, చదివాను, కానీ ఆ పెట్టెలో చిన్న పుల్ల ముక్కైనా పెట్టాలని తోచలేదు. గంట తర్వాత కొమ్మ పెట్టేసరికి రెక్కలు ముడతలతోనే గట్టిపడిపోయాయి. రాత్రంతా గుడ్డ మీద కూర్చుని, ఇక తెరుచుకోని ఆ రెక్కలను అదిలిస్తూనే ఉంది.

రెండో కాయను ఇప్పుడే తాడుకు కట్టి వెదురు బుట్టలో వేలాడదీశాను. చుట్టూ దోమతెర, లోపల గరుకు కొమ్మలు.

ఆగస్టు 19

రెండో కాయలోంచి కూడా ఆడదే వచ్చింది. ఎక్కింది, వేలాడింది, అరగంటకు పైగా పట్టింది గానీ నాలుగు కళ్లూ పూర్తిగా విచ్చుకున్నాయి. బుట్టను మిద్దె మీద పెట్టాం. తెల్లవారి చూస్తే దోమతెర బయట ఒక మగ శలభం అతుక్కుని ఉంది, రెక్కల అంచులు చిరిగిపోయి.

మా పాప ఎగిరి గంతేసింది. ఇద్దరినీ అడవిలో వదిలేద్దాం నాన్నా అంది. నాకూ అలాగే అనిపించింది. కానీ వదల్లేదు.

కారణం ఇది. దసలి శలభం ఒకే జాతి అయినా ప్రాంతాన్ని బట్టి దాని తీరు మారుతుంది. పట్టు పరిశోధకులు వీటిని ఎకోరేసులు అంటారు. జార్ఖండ్ సింగ్‌భూమ్ వైపు డాబా, ఒడిశా సిమిలిపాల్ అడవుల్లో మోడల్, అదే రాష్ట్రంలో సుకిందా, బస్తర్ గుగ్గిలం అడవుల్లో రైలీ, మహారాష్ట్రలో భండారా, మన గోదావరి తీరాన ఆంధ్రా లోకల్. కాయ పరిమాణం, గోడ గట్టిదనం, ఏడాదికి ఎన్ని తరాలు, ఏ చెట్టంటే ఇష్టం, ఇవన్నీ వేరు. అయినా అన్నీ కలిసి పిల్లల్ని కంటాయి. పంట కోసం ఒక చోటి విత్తనం ఇంకో చోటికి తీసుకెళ్తే అక్కడి అడవి రకం దాంతో కలిసిపోతుంది. కాయ ఇచ్చిన బాపుక్కూడా ఆ విత్తనం నాలుగు తరాల వెనక ఎక్కడిదో తెలియదు. దాని గుడ్లను అడవిలో వదిలితే నేను దేన్ని వెతుకుతున్నానో దాన్నే చెరిపేసినట్టు.

గుడ్లు రెండు వందల దాకా పెట్టింది. డబ్బాలో పెట్టి బాపుకే ఇచ్చి వచ్చాను. లెక్కపెట్టి చూసి సంతోషపడ్డాడు.

సెప్టెంబరు 8

వాన వదల్లేదు. ఇంట్లో కూర్చుని పేర్ల సంగతి తేల్చుకున్నాను.

1758లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ పాఫియా అనే పేరు పెట్టాడు. 1773లో ఇంగ్లండులో డ్రూ డ్రూరీ మిలిట్టా అన్నాడు. ఈ రెండూ ఒకే జాతి పేర్లని కొందరంటారు, మన దేశంలో పట్టు మీద పనిచేసేవాళ్లు మిలిట్టానే వాడుతూ వచ్చారు. నాకు ముచ్చటేసిందేంటంటే రెండు పేర్లూ ఒకే దేవతవి. సైప్రస్‌లోని పాఫోస్ నగరంలో కొలిచిన ప్రేమదేవత పాఫియా. అదే దేవతను అస్సిరియన్లు మిలిట్టా అంటారని గ్రీకు చరిత్రకారుడు హెరొడొటస్ రాశాడు.

ఇంకో మనిషి ఈ కథలో మనకు బాగా దగ్గరివాడు. విలియం రాక్స్‌బర్గ్. 1793లో కలకత్తా బొటానికల్ తోటకు వెళ్లేముందు సామర్లకోటలో ఏళ్ల తరబడి ఉండి మన కోస్తా మొక్కల్ని బొమ్మలు గీయించి, పేర్లు పెట్టినవాడు. ఆయనే 1804లో లండన్ లినేయన్ సొసైటీ సంపుటంలో బెంగాల్ దసలి, ఆముదపు పట్టుపురుగుల గురించి వ్యాసం అచ్చు వేశాడు. ఇక్కడ నన్ను ఆపేసిన విషయం: నల్లమద్ది శాస్త్రీయ నామం పక్కన చూడండి, ఏరుమద్ది పక్కన చూడండి, చెన్నంగి పక్కన చూడండి, మూడింటికీ రాక్స్‌బర్గ్ పేరే. పురుగు కథ రాసినవాడే అది తినే చెట్లకూ పేరు పెట్టాడు. పురుగునీ చెట్టునీ వేర్వేరు అల్మారాల్లో పెట్టి చూడటం వల్లే నేను జూన్‌లో దీపం పట్టుకుని తిరిగాను.

అక్టోబరు 13

ప్రాణహిత దాకా వెళ్లొచ్చాం. అవతల ఒడ్డు సిరొంచ, మహారాష్ట్ర. కాళేశ్వరం దగ్గర ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది, ఇంకొంత దిగువన ఇంద్రావతి వచ్చి చేరుతుంది. దాని వెనక బస్తర్. భండారా రకం, రైలీ, ఆంధ్రా లోకల్, మూడింటి ఇలాకాలూ ఈ నదుల చుట్టూ ఒకదాన్నొకటి ఒరుసుకునే ఉన్నాయి. మా వైపు గుగ్గిలం అడవి లేదు, టేకు, మద్ది. బస్తర్‌లో గుగ్గిలం ఉంది, రైలీ కాయ పెద్దది, గట్టిది, జనం పెంచకుండా అడవిలోంచే ఏరుకుంటారు. ఎక్కడ మద్ది ఆగి గుగ్గిలం మొదలవుతుందో అక్కడే కాయ తీరూ మారుతుందా అని మనసు లాగుతోంది. అది నా బండికి అందే దూరం కాదు.

ఈ పర్యటనలో ఎనిమిది ఖాళీ కాయలు దొరికాయి. ఖాళీ కాయను చదవడం బాపు నేర్పాడు. తొడిమ వైపు కొసన పెద్ద రంధ్రం, అంచు మెత్తగా, పోగులు విచ్చుకుని బయటికి తిరిగి ఉంటే శలభం బతికి బయటపడింది. గోడలో కత్తిరించినట్టు గుండ్రటి చిన్న రంధ్రం ఉంటే లోపలి ప్యూపాను (గొంగళికీ శలభానికీ మధ్య దశ) పసుపు కందిరీగ పిల్ల తినేసి బయటికొచ్చింది. ఊజీ అనే పరాన్నజీవి ఈగ పురుగులైతే సన్నటి బెజ్జం చేసుకుని జారిపోతాయి. గోడ చీల్చి, అంచులు చిందరవందరగా ఉంటే పిట్టో ఉడుతో. మా ఎనిమిదింటిలో శలభం వెళ్లినవి మూడే. మూడింటికి నిండు చుక్కలు పెట్టాను. మిగతా అయిదింటికీ పెట్టాను, ఎందుకంటే చచ్చిపోయినదీ ఈ ఆకే తిని పెరిగింది.

నవంబరు 3

మా మేనల్లుడు నల్లమల నుంచి ఫోటో పంపాడు. సున్నిపెంట దగ్గర వీధిదీపం స్తంభానికి దసలి శలభం, ఆడది, గోడ పక్కన. "పటంలో పెట్టు మామయ్యా" అని రాశాడు. ఖాళీ వలయం పెట్టాను. అలిగాడు. కాయ చూసి రమ్మన్నాను, ఆ చుట్టుపక్కల నల్లమద్ది, చెన్నంగి, రేగు ఏది దొరికినా కొమ్మ కొమ్మా చూడమన్నాను.

పుస్తకాల్లో ఈ జాతి ఇలాకా జార్ఖండ్, ఒడిశా, మధ్య భారతం నుంచి దక్కను మీదుగా దక్షిణాదికి, అక్కణ్నుంచి శ్రీలంకకు సాగుతుంది. రంగు పూసిన ఒకే పెద్ద మచ్చ. నేను నడిచిన నాలుగు మండలాల్లోనే ఆ రంగు ఎన్నో చోట్ల చిరిగి ఉంది. మద్ది కొట్టేసిన గుట్ట మీద గొంగళి లేదు, పెంటిక లేదు, పాత కాయ తొడిమ కూడా లేదు. పక్క గుట్ట మీద ఉన్నాయి. మధ్యలో పత్తి చేను.

జనవరి 19

ఆకు రాలింది. ఇప్పుడు ఈ పని ఎంత తేలికో! ఆకు చాటున దాగినవన్నీ ఆకాశం ముందు నల్లగా వేలాడుతున్నాయి.

బైనాక్యులర్‌తో ఒకదాన్ని అరగంట చూశాను. గొంగళి చేసే పనితనం ఎంత చెప్పినా తక్కువే. పుల్ల చుట్టూ పట్టుతో ఉంగరం అల్లుతుంది. ఆ ఉంగరం నుంచి కిందికి గట్టి తొడిమ. తొడిమ చివర చిన్న కోడిగుడ్డంత కాయ. లోపల కూర్చుని అల్లిక పూర్తయ్యాక తెల్లటి ద్రవం వదిలి గోడను గట్టిపరుస్తుంది. కాయను ఆకుకు కట్టి వదిలేస్తే ఈపాటికి ఆకుతోపాటు నేల మీద ఉండేది, చీమలకూ అడవి మంటలకూ పోయేది. ఉంగరం పుల్లకు ఉంది కాబట్టి చలికాలం, ఎండాకాలం, గాలిదుమారం అన్నీ దాటేదాకా ఊగుతూనే ఉంటుంది. లోపల ప్యూపా నిద్రలో తొలకరి కోసం ఆగి ఉంటుంది.

నేను చూసినదాని తొడిమ కొస మూసే ఉంది. గోడలో రంధ్రాలేవీ కనిపించలేదు. చేతికందితే చెవి దగ్గర ఊపి చూసేవాణ్ని, బతికున్న ప్యూపా లోపల బరువుగా తగులుతుంది. ఇరవై అడుగుల ఎత్తున ఉంది, అందలేదు, అందినా తెంపేవాణ్ని కాను.

చెట్టు మొదట్లో చిన్న సున్నపు గీత పెట్టాను. అక్షాంశం, రేఖాంశం రాసుకున్నాను. బాపును అడిగితే మిరుగు (మృగశిర కార్తె) పడిన నాలుగో రోజు నుంచి సూర్యుడు గుంకే వేళకు అక్కడ కూర్చోమన్నాడు. జూన్ 11 నుంచి సెలవు పెడుతున్నాను. మేనల్లుడు ఇంకా కాయ పంపలేదు, నల్లమల వలయం ఖాళీగానే ఉంది.